విజయదశమి నాడు పుట్టిన పాపకు ఏ పేరు? నూకరాజు అన్న పేరు ఎక్కడిది?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో ముందు చెప్పుకుంటాను. చెన్నై వేళచ్చేరిలో కాపురముంటున్న మీకు విజయదశమి నాడు పాప పుట్టింది. పండుగ పేరే పాపకు రావాలని, ‘దశమి’ అని పెడదామని మీ అత్తగారు అంటున్నారు. పండుగల పేర్లు మనుషులకు పెట్టే ఆచారం తెలుగువాళ్ళలో లేదని మీవారు అంటున్నారు. అదీగాక, అనకాపల్లి దగ్గర పుట్టి పెరిగిన మీ మామగారి పేరు నూకరాజు కాగా, ఆయనను చిన్నప్పుడు నూకలకు అమ్మి కొనుక్కున్నారు కాబట్టి ఆ పేరు వచ్చిందని ఎవరో అన్నారనీ, ఆ మాట ఇంట్లో అందరికీ కష్టం కలిగించిందనీ రాశారు.

సూటిగా చెప్పాలంటే, మీ అత్తగారూ మీవారూ ఇద్దరూ సగం సగం సరిగ్గానే చెబుతున్నారు. తెలుగువాళ్ళలో పండుగ పేరు యథాతథంగా బిడ్డకు పెట్టడం అరుదు. పండుగ నుంచి పేరు రావడం మాత్రం చాలా పాత అలవాటు, ఇప్పటికీ నడుస్తున్న అలవాటు. పండుగలో కొలిచే దేవత పేరో, ఆ తిరునాళ్ళలో మొక్కిన మొక్కో, ఆ నాటి నక్షత్రమో బిడ్డకు పేరవుతుంది. పండుగ పేరు పండుగకే ఉండిపోతుంది. ఇక మీ మామగారి పేరు అచ్చంగా అలా పండుగ నుంచి వచ్చిన పేరే. దానికీ నూకల బేరానికీ సంబంధం లేదు.

నేను ఉత్తర చెన్నైలో ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పండితుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఎక్కడెక్కడి నుంచో పనుల కోసం వచ్చి స్థిరపడిన కుటుంబాల పిల్లలు మా బడిలో చదివేవారు. ప్రతి జూన్‌లో కొత్త హాజరుపట్టీ రాసేటప్పుడు ఒక్కొక్క పేరు దగ్గర ఆగి, ఈ పేరు ఎందుకు పెట్టారో ఇంట్లో అడిగి రమ్మని పిల్లలకు చెప్పేవాణ్ణి. వాళ్ళు తెచ్చిన సమాధానాలను ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. కింద చెప్పేవాటిలో చాలా భాగం అందులోనివే.

ముందుగా మీ మామగారి పేరు. అనకాపల్లి గవరపాలెంలో వెలసిన నూకాంబికను ఆ ప్రాంతం వాళ్ళు నూకాలమ్మ అంటారు. ఉగాదికి ముందు రోజు, అంటే ఫాల్గుణ బహుళ అమావాస్య నాడు, అమ్మవారి జాతర మొదలవుతుంది. దాన్ని కొత్త అమావాస్య అంటారు. పిల్లలు లేనివాళ్ళు, పుట్టిన పిల్లలు దక్కనివాళ్ళు ఆ జాతరలో మొక్కుకుని, బిడ్డ పుట్టాక అమ్మవారి పేరు పెట్టుకుంటారు. మగపిల్లవాడైతే నూకరాజు, నూకయ్య. ఆడపిల్ల అయితే నూకాలమ్మ, నూకరత్నం. మీ అత్తగారిని ఒకసారి అడిగి చూడండి. మామగారి తల్లి ఏ సంవత్సరం జాతరకు వెళ్ళి ఏమని మొక్కిందో ఆవిడకు తెలిసే ఉంటుంది.

మీకు ఆ మాట చెప్పినవారు కావాలని కల్పించి ఉండరు, రెండు ఆచారాలను కలిపేసి ఉంటారు. వరుసగా బిడ్డలు పోయిన ఇంట్లో, కొత్తగా పుట్టిన బిడ్డను చేటలో పడుకోబెట్టి పొరుగింటావిడకు ఇచ్చేసి, కాసేపటికి ఆవిడ దగ్గర గుప్పెడు తవుడు పోసి తిరిగి కొనుక్కునే ఆచారం ఉత్తరాంధ్రలో ఉండేది. అలా కొన్న బిడ్డలే తవిటయ్య, తవిటినాయుడు, తవిటమ్మ. పెంటకుప్ప మీద పెట్టి ఎత్తుకున్న బిడ్డ పెంటయ్య. ఈ పేర్లలోనూ సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఈ బిడ్డ మా బిడ్డ కాదు, విలువైన బిడ్డ కాదు అని మృత్యువును నమ్మించి దాటించాలనుకున్న తల్లి భయం ఆ పేర్లలో ఉంది. అయినా మీ మామగారి పేరు ఈ వరుసలోది కాదు.

తెలుగునాట పండుగల పేర్లు ఎక్కువగా ఈ మొక్కుల దారినే వచ్చాయి. నరసరావుపేట చుట్టుపక్కల ఊళ్ళలో కోటయ్య, కోటమ్మ, కోటేశ్వరరావు అన్న పేర్లు అంత విరివిగా ఎందుకున్నాయో తెలుసుకోవాలంటే శివరాత్రికి కోటప్పకొండ వెళ్ళాలి. ఎత్తైన ప్రభలు కట్టుకుని జనం త్రికోటేశ్వరుని కొండకు వస్తారు. శివరాత్రి అన్న మాట మనుషుల పేర్లలో అరుదు, శివరాత్రి మొక్కు మాత్రం ఎన్నో ఇళ్ళలో కనిపిస్తుంది. రెండేళ్ళకొకసారి మాఘ పౌర్ణమికి జరిగే మేడారం జాతర ఓరుగల్లు వైపు ఊళ్ళకు సమ్మయ్య, సారయ్య, సమ్మక్క, సారక్క అన్న పేర్లనిచ్చింది. కోస్తాలో సుబ్బరాయుడి షష్ఠికి పుట్టలో పాలు పోసి మొక్కుకున్నవారి పిల్లలు సుబ్బారావులు, సుబ్బమ్మలు, నాగమణులు అయ్యారు.

అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. ప్రతి కోటేశ్వరరావూ కోటప్పకొండ మొక్కు కాదు. తాతగారి పేరు మనవడికి పెట్టే అలవాటు మనకు ఉంది కాబట్టి, మొక్కు ఒక తరంలో జరిగితే పేరు ఐదు తరాలు నడుస్తుంది. చివరి తరానికి ఆ కొండ ఎక్కడుందో కూడా తెలియకపోవచ్చు.

ఇక్కడ నాగూరమ్మ సంగతి కాస్త వివరంగా చెప్పాలనిపిస్తోంది. ఒక సంవత్సరం ఆరో తరగతిలో ఆ పేరున్న అమ్మాయి చేరింది. నాగులచవితికి పుట్టి ఉంటావని నేనన్నాను. ఆ పిల్ల కూడా అవుననే అనుకుంటూ ఉంది. మర్నాడు వాళ్ళ నాయనమ్మ తానే బడికి వచ్చింది. ఒంగోలు దగ్గరి పల్లె నుంచి వచ్చిన మనిషి, నుదుట రూపాయి కాసంత బొట్టు. కొంగు ముడి విప్పి, మడత నలిగిన చిన్న పచ్చబట్ట ముక్క తీసి నా బల్ల మీద పెట్టింది. అది నాగూరు దర్గా నుంచి తెచ్చుకున్నదట. కోడలికి రెండు కాన్పులు పోతే కందూరి పండుగకు నాగూరు వెళ్ళి మొక్కుకున్నారు. పిల్ల పుట్టాక అక్కడే తల నీలాలిచ్చి ఆ ఊరి పేరే పెట్టుకున్నారు. “పాముల పేరు కాదయ్యా, స్వామి పేరు” అని చెప్పి ఆ గుడ్డ మళ్ళీ ముడేసుకుంది.

నాగపట్నం పక్కనున్న నాగూరులో 16వ శతాబ్దపు సూఫీ గురువు షాహుల్ హమీద్ సమాధి ఉంది. హిజ్రీ పంచాంగంలోని జమాదిల్ ఆఖిర్ నెలలో అక్కడ పద్నాలుగు రోజులు కందూరి జరుగుతుంది. నెల్లూరు, ఒంగోలు, గుంటూరు ప్రాంతాల ముస్లింలలో నాగూర్ వలీ, నాగూర్ మీరా, నాగూర్ బీ అన్న పేర్లు, హిందువులలో నాగూరయ్య, నాగూరమ్మ అన్న పేర్లు అక్కడి నుంచి వచ్చినవే. అనంతపురం జిల్లా గూగూడులో మొహర్రం నాడు కొలిచే కుళ్ళాయిస్వామి పేరిట కుళ్ళాయప్ప, కుళ్ళాయమ్మ అన్న పేర్లు అలాగే పుట్టాయి. కుళ్ళాయి అంటే టోపీ, పారసీకం నుంచి వచ్చిన మాట. శ్రీనాథుని పేరు మీద ప్రచారంలో ఉన్న చాటువులో కూడా ఆ మాట వినిపిస్తుంది. ఒక పేరును చూసి మతాన్ని ఊహించుకోవడం మన దగ్గర చాలాసార్లు పొరపాటే అవుతుంది.

నక్షత్రం ద్వారా వచ్చే పేర్లు ఇంకొక దారి. ఈ విషయంలో అందరూ పొరబడే చోటు ఒకటుంది. కార్తీక్ అన్న పేరు కార్తిక మాసం నుంచి వచ్చిందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ మాసంలో పౌర్ణమి నాడు చంద్రుడు కృత్తికా నక్షత్రం దగ్గర ఉంటాడు కాబట్టి మాసం కార్తికం. కృత్తికలు ఆరుగురూ పెంచారు కాబట్టి కుమారస్వామి కార్తికేయుడు. నెలా పేరూ ఒకే తల్లి బిడ్డలు, ఒకదానికొకటి సంతానం కాదు. అర్జునుడి పది పేర్లలోని ఫల్గుణుడు కూడా అంతే. ఉత్తర ఫల్గునీ నక్షత్రంలో పుట్టానని విరాటపర్వంలో ఉత్తరుడికి ఆయనే చెప్పుకున్నాడు. పుట్టిన నక్షత్రాన్ని బట్టి మనిషికి పేరు ఏర్పడే తీరుకు పాణిని వ్యాకరణంలో సూత్రాలే ఉన్నాయంటే ఈ అలవాటు ఎంత పాతదో చూడండి.

జయంతి అన్న పేరు ఇంకా బాగుంటుంది. శ్రావణ బహుళ అష్టమికి రోహిణీ నక్షత్రం కలిసిన యోగాన్ని జయంతి అంటారు. అది కృష్ణుడు పుట్టిన ఘడియ కనుక కృష్ణజయంతి అన్నారు. తరువాత ఎవరి పుట్టినరోజునైనా జయంతి అనడం అలవాటయింది. కృష్ణాష్టమి నాడు పుట్టిన ఆడపిల్లకు ఇంతకంటే తగిన పేరు నాకు తోచదు.

మరి హిందువుల ఇళ్ళలో పండుగ పేరును నేరుగా ఎందుకు పెట్టలేదు? నాకు అర్థమైనంతలో కారణం ఒకటే. బిడ్డను పిలిచిన ప్రతిసారీ దేవుణ్ణి తలచుకున్నట్టు ఉండాలని మనవాళ్ళు కోరుకున్నారు. చివరి ఘడియలో కొడుకును ‘నారాయణా’ అని పిలిచి తరించిన అజామిళుని కథ ఆ నమ్మకానికి మూలం. తిథిని పిలిస్తే ఆ ఫలం రాదు కదా! ఇతర మతాలలో ఆ పట్టింపు లేదు కాబట్టి పండుగ పేరు సూటిగానే వస్తుంది. రంజాన్ నెలలో పుట్టినవారికి రంజాన్, రంజాన్ బీ అన్న పేర్లున్నాయి. నోయెల్ అంటే ఫ్రెంచిలో క్రిస్మస్, లాటిన్‌లో పుట్టుకకు సంబంధించిన మాట దాని మూలం. నటాలియా, నటాషా అక్కడివే. పాస్కల్ అన్న పేరు ఈస్టరుకు సంబంధించినది, తెలుగు బైబిలులోని ‘పస్కా’ అన్న మాటకు చుట్టం. మన కతోలికుల ఇళ్ళలోని లూర్దమ్మ, లూర్దురాజు అన్న పేర్లకు 1858 ఫిబ్రవరి 11న ఫ్రాన్సులోని లూర్దులో మొదలైన మరియమాత దర్శనాలు మూలం. గుణదల ఉత్సవం ఫిబ్రవరిలో జరిగేది అందుకే. మన చెన్నైలో బీసెంట్ నగర్ వేళాంగణ్ణి గుడిలో సెప్టెంబరు 8న ముగిసే ఉత్సవం ఆరోగ్యమాతది కనుక ఆరోగ్యమేరి, ఆరోగ్యస్వామి అన్న పేర్లు ఇక్కడ వీధికొకటి వినిపిస్తాయి.

చూడగానే పండుగ పేరులా అనిపించి, కాకుండా పోయేవి కూడా చెప్పాలి, ఎందుకంటే మీకు సలహా ఇచ్చేవాళ్ళలో సగం మంది వీటినే సూచిస్తారు. యుగంధర్‌కు ఉగాదితో సంబంధం లేదు. యుగం అంటే ఇక్కడ బండి కాడి, దాన్ని మోసేది యుగంధరం. దశరథుడికీ దసరాకూ సంబంధం లేదు. భోగేశ్వరుడు శివుడు, భోగి పండుగ నుంచి రాలేదు. ఎస్తేరు ఈస్టరు కాదు; ఆ రాణిని తలచుకుని యూదులు చేసుకునే పండుగ పూరీము. దీనికి ఎదురు ఉదాహరణ క్రాంతి. విప్లవం అన్న అర్థంలో పెట్టుకున్నా, ఆ మాటా సంక్రాంతీ ఒకే ‘క్రమ్’ ధాతువు నుంచి వచ్చాయి. అడుగు వేయడం, దాటడం అని అర్థం. సంక్రాంతి నాటి బిడ్డకు క్రాంతి అని పెట్టడంలో తప్పేమీ లేదు.

ఈ విషయంలో నేనూ ఒకసారి తప్పు చెప్పాను. తమిళ మాసి నెలలో పుట్టిన మనవడికి మాసిలామణి అని పెట్టాలనుకుంటున్న ఒక పెద్దాయనకు, నెల పేరు కలిసింది, దివ్యంగా ఉందన్నాను. మా బడి తమిళ పండితుడు అది విని మెల్లగా పక్కకు పిలిచి సరిదిద్దారు. మాసు ఇలా మణి, అంటే మచ్చలేని రత్నం. తిరుముల్లైవాయిల్‌లోని శివుడి పేరు. తైయల్‌నాయకి కూడా తై నెల పేరు కాదు, తైయల్ అంటే స్త్రీ. ఆ సాయంత్రమే ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళి నా మాట వెనక్కి తీసుకున్నాను. పేరు మార్చలేదు, అర్థం విని ఇంకా సంతోషించారు. అప్పటి నుంచి తమిళ పేరు గురించి తమిళం చదివినవారిని అడగకుండా మాట్లాడటం లేదు.

ఇప్పుడు మీ పాప సంగతి. ‘దశమి’ వినడానికి బాగానే ఉంటుంది కానీ నేను దాన్ని సిఫారసు చేయను. ఒకటి, దశమి ప్రతి పక్షానికీ వస్తుంది, విజయదశమిని ఆ మాట ఒక్కటే గుర్తు చేయదు. రెండు, సంస్కృతంలో ‘దశమి’కి మనిషి ఆయుర్దాయంలో చివరి పదేళ్ళ దశ అన్న అర్థం కూడా ఉంది, ‘దశమీస్థుడు’ అంటే పండు ముసలి. పెట్టినంత మాత్రాన దోషమేమీ లేదు, కానీ తెలిసి తెలిసి పసిపాపకు ఎందుకు?

నా ఎంపిక అపరాజిత. ఓటమి ఎరుగనిది అని అర్థం. విజయదశమి నాటి అపరాహ్ణంలో చేసే పూజ అపరాజితాదేవికే. శమీపూజ, ఊరి పొలిమేర దాటే సీమోల్లంఘనం కూడా ఆనాటి విధులే. ఈశాన్య దిక్కుకు అపరాజిత అన్న పేరుంది, శంఖపుష్పానికీ ఆ పేరుంది. పండుగ పేరు పలకకుండా ఆ రోజును ఇంత దగ్గరగా పట్టి చెప్పే మాట మరొకటి లేదు. పొడుగనిపిస్తే విజయ ఉండనే ఉంది. అది దశమి పేరులోనిదీ, అర్జునుడి పేరూ, పార్వతీదేవి చెలికత్తె పేరూ కూడా. శారద అంటే శరత్తుకు చెందినది, ఆ తొమ్మిది రాత్రులకూ సరిపోతుంది. శ్రవణా నక్షత్రం కలిసిన దశమిని పెద్దలు విశేషంగా చెబుతారు. పాప నక్షత్రం అదే అయితే శ్రావణి అని పెట్టవచ్చు, కానీ శ్రావణ మాసంలో పుట్టిందా అని అందరూ అడుగుతూనే ఉంటారు.

మీ అత్తగారిది ఉత్తరాంధ్ర కాబట్టి ఇంకొకటి చెప్పాలనిపిస్తోంది. విజయనగరంలో పైడితల్లి సిరిమాను విజయదశమి తరువాతి మంగళవారం ఊరేగుతుంది. పైడిరాజు, పైడమ్మ ఆ తల్లి పేర్లే. పైడి అంటే బంగారం. స్వర్ణ అనో, కాంచన అనో పెడితే దసరా రోజులూ మీ వైపు అమ్మవారూ ఒకే మాటలో ఉంటారు. ఆవిడకు ఈ అర్థం విడమరచి చెప్పండి, ఒప్పుకుంటారని నాకు నమ్మకం.

చెన్నైలో ఉన్నారు కనుక తమిళ లిపిని కూడా చూసుకోండి. పేరు తమిళంలోనూ నమోదవుతుంది. తమిళంలో త, ద, ధలకు ఒకటే అక్షరం; ప, బ, భలకు ఒకటే. అపరాజితకు ‘జి’ ఉంది కాబట్టి రాయడంలో ఇబ్బంది లేదు. కాకపోతే ‘ప’ను ‘బ’గా పలికి అబరాజిత అనే అవకాశం ఉంది, మొదట్లోనే దిద్దితే సరిపోతుంది. విజయ, శారద ఇక్కడివారికీ సొంత పేర్లే. తొందర పడవలసిన అవసరమూ లేదు. పుట్టుక నమోదు 21 రోజుల లోపు అయితే చాలు. 1969 నాటి జనన మరణ నమోదు చట్టం ప్రకారం పేరును తరువాత చేర్చుకోవచ్చు. 12 నెలల లోపు రుసుము ఉండదు, ఆ తరువాత 15 ఏళ్ళ దాకా ఆలస్య రుసుముతో చేర్పించవచ్చు.

బారసాల నాడు పళ్ళెంలో బియ్యం పరిచి, బంగారు ఉంగరంతో తండ్రి చేత పేరు రాయించేటప్పుడు, మాసనామం, నక్షత్రనామం, వాడుక పేరు విడివిడిగా రాయించే ఆచారం చాలా ఇళ్ళలో ఉంది. మీ అత్తగారు కోరిన పండుగ పేరుకు ఆ బియ్యంలో ఒక వరుస ఇవ్వమని మీ పురోహితుణ్ణి అడగండి. మా ఎదురింటి పాపకు ఈ మధ్యే అలా రాయించారు. పై వరుసలో నాయనమ్మ చెప్పిన పేరు, కింద బడిలో చెప్పే పేరు. నాయనమ్మ ఇప్పటికీ పై వరుస పేరుతోనే పిలుస్తుంది, పాప రెండింటికీ పలుకుతుంది.